పసుపు నీళ్ల సాక్ష్యం

ఇప్పలకోన అడవిలో ఏనుగులు వాగు పక్కన, కొండముచ్చులు మద్దిచెట్ల మీద, ముళ్లపందులూ పందికొక్కులూ ఎర్రమట్టి గుట్ట కింద బొరియల్లో కాపురం ఉండేవి. ఆ గుట్టలో అన్నిటికంటే పెద్ద బొరియ నాంచారమ్మ అనే ముళ్లపందిది. అయిదు గదులు, రెండు వాకిళ్లు, గాలి రావడానికి పైన ఒక కంత. ఇల్లంతా బాగానే ఉండేది, స్నానాల గది ఒక్కటే బాగుండేది కాదు. అక్కడ నీళ్లు బయటికి పోయే దారి లేదు. స్నానం అయ్యాక సొరకాయ బుర్రతో నీళ్లన్నీ తోడి బయట పారబోసుకోవాలి.

ఇన్నాళ్లూ నాంచారమ్మ అలాగే సర్దుకుంది. ఈ వేసవిలో మాత్రం ఆమె కూతురు అలివేలు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. పుట్టబోయే పిల్లలకు రోజూ వేణ్ణీళ్ల స్నానం చేయించాలి. బాలింతకూ చేయించాలి. బుర్రతో తోడుకుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు. అందుకే నాంచారమ్మ స్నానాల గదిని కొత్తగా కట్టించాలనుకుంది. వేణ్ణీళ్లు దగ్గరగా ఉంటాయని దాని పక్కగదినే పురిటిగదిగా ఎంచుకుంది. రెండు గదులకూ మధ్య ఒక్కటే మట్టి గోడ.

పని భూషణం మేస్త్రీకి ఒప్పజెప్పింది. భూషణం కొండముచ్చు. చెట్ల మీద మంచెలు కట్టడంలో అతనికి మంచి పేరుంది. నేల కింద మాత్రం ఒక్క పూట కూడా ఉండి ఎరగడు. ఆ సంగతి అతను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. బారెడు తోకను నిటారుగా పైకెత్తుకుని బొరియంతా తిరిగి చూశాడు. వారం తిరక్కుండా ఏనుగులు కూడా కుళ్లుకునేలాంటి గది కట్టి ఇస్తానన్నాడు.

కోతలు కోసేవాడే అయినా చేతిలో చురుకుంది. లావుపాటి వెదురు గొట్టాలు మూడు తెచ్చి ఒకదానికొకటి తొడిగాడు. అవి స్నానాల గది నేలలో మొదలై, పురిటిగది గోడ అడుగున సాగి, గుట్ట వాలులో బయటికి తేలేలా పరిచాడు. వెదురుకు లోపల కణుపు కణుపుకూ ఒక అడ్డుపొర ఉంటుంది. పొడవాటి కర్రతో ఆ పొరలన్నిటినీ పొడిచి చిల్లు చేస్తేనే నీళ్లు అటు నుంచి ఇటు పోతాయి. భూషణం టకటకా పొడవడం నాంచారమ్మ విన్నది. ఎన్ని పొడిచాడో మాత్రం చూడలేదు.

గొట్టం మీద మట్టి కప్పే రోజు వచ్చింది. నాంచారమ్మ కాస్త తటపటాయిస్తూనే అడిగింది.

"మేస్త్రీ, మూసేముందు ఒక్కసారి నీళ్లు వదిలి చూద్దామా?"

భూషణం చేతిలోని తాపీ కింద పెట్టేశాడు. "అమ్మగారూ, ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఇంతవరకు నా పనికి ఎవరూ పరీక్ష పెట్టలేదు. నా మీద నమ్మకం లేకపోతే చెప్పండి, ఇప్పుడే వెళ్లిపోతాను" అన్నాడు.

నాంచారమ్మకు మొహమాటం ముంచుకొచ్చింది. అనుభవం ఉన్నవాణ్ణి అనవసరంగా నొప్పించానేమో అనుకుంది. "అబ్బే, ఊరికే అడిగాను నాయనా, కానివ్వు" అంది. ఒళ్లంతా ముళ్లే ఉన్న ప్రాణి, ఆ పూట ఒక్క మాట గట్టిగా అనలేకపోయింది.

భూషణం గొట్టం మూసేశాడు. గోడలను నున్నగా మెత్తి, వాటికి రెండు వైపులా తెల్లసుద్దతో చేపలూ తామరపూలూ గీశాడు. చూడటానికి గుట్ట గుట్టంతా కదిలి వచ్చింది. ఏనుగుల పెద్ద ఐరావతమ్మ బొరియలో పట్టదు కాబట్టి తొండం మాత్రం లోపలికి చాచి గోడను తడిమి చూసింది. వాగు పక్కన తన గున్నల కోసం వెదురు గొట్టాలతో నీళ్లు తెచ్చి కట్టించబోయే స్నానాల రేవు పని కూడా భూషణానికే ఇస్తానంది. అది విని అతని తోక ఇంకో జానెడు పైకి లేచింది.

నాలుగు రోజులు గడిచాయి. స్నానం చేసిన నీళ్లు ఎంతకీ దిగేవి కావు. పొద్దున పోసుకున్న నీళ్లు దిగేసరికి మధ్యాహ్నం అయ్యేది. అయిదో రోజు అలివేలు పురిటిగదిలో పడుకునే ఉండి గోడ మీద చేయి వేసింది. "అమ్మా, ఇక్కడ చల్లగా ఉంది" అంది.

నాంచారమ్మ వచ్చి చూసింది. మోదుగాకంత తడి మరక. సాయంత్రానికి అది చేటంత అయింది. కింద పరిచిన ఎండుగడ్డి కూడా చెమ్మగిల్లింది.

పక్షం రోజుల్లో కాన్పు. పసిగుడ్డులను ఆ చెమ్మలో పడుకోబెడితే ఒళ్లు చల్లబడి దక్కకుండా పోతారు. పైగా గది కప్పంతా ఆ గోడ మీదే ఆని ఉంది. నానిన మట్టి గోడ ఎప్పుడు కూలుతుందో ఎవరూ చెప్పలేరు. కూతుర్ని పుట్టింటికి తెచ్చుకుంది ఇందుకా అని నాంచారమ్మ కళ్లు చెమర్చాయి. అలివేలు చూడకుండా తుడుచుకుంది.

కబురు మీద కబురు పంపగా మూడోనాడు భూషణం వచ్చాడు. మరక చూసి నవ్వాడు. కొత్త గోడలకు చెమట పట్టడం మామూలేనన్నాడు. మరి నీళ్లెందుకు దిగడం లేదని అడిగితే, గొట్టం కొత్తది కదా, నీళ్లకు అలవాటు పడాలన్నాడు. మరక మీద మందంగా సుద్ద పూసి, దాని మీద ఇంకో చేప బొమ్మ గీసి, చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. మర్నాటికల్లా ఆ చేప నిజంగానే నీళ్లలో ఉంది.

మళ్లీ పిలిచేసరికి భూషణం మరో పాట అందుకున్నాడు. "నా పనిలో తప్పు లేదు అమ్మగారూ. మీ పక్కింటి పందికొక్కు గుర్నాథం ఎప్పుడూ ఏదో ఒకటి తవ్వుతూనే ఉంటాడు. వాళ్ల వాడకం నీళ్లే నేలలోంచి మీ గోడలోకి ఎక్కుతున్నాయి. ముందు అతన్ని నిలదీయండి" అన్నాడు.

నాంచారమ్మ ఆ కోపం మీదే గుర్నాథం గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. ముళ్లన్నీ నిక్కబొడుచుకుని ఉన్నాయి. గుర్నాథం గింజలు ఎండబోసుకుంటున్నాడు. ఆమె అన్నదంతా విన్నాక అతని మొహం చిన్నబోయింది.

"పన్నెండేళ్లుగా పక్కపక్కన ఉంటున్నాం చెల్లెమ్మా. ఇన్నేళ్లలో నా వల్ల నీ ఇంట్లోకి చుక్క నీరు వచ్చిందా? అలివేలు నా కళ్ల ముందు పెరిగిన పిల్ల. నా నీళ్ల వల్లే దానికి కష్టం వస్తుందంటే ఇవాళ్టి నుంచి స్నానమే మానేస్తాను" అన్నాడు.

నాంచారమ్మ ముళ్లు వాటంతటవే వాలిపోయాయి. ఇంటికి వచ్చి, పురిటికి కావలసిన పసుపు కొమ్ములు దంచుతూ కూర్చుంది. దంచుతున్నంతసేపూ ఆమెకు గుర్నాథం మొహమే గుర్తొచ్చింది. పసుపు దంచడం అయ్యాక చేతులు కడుక్కుంది. కడిగిన నీళ్లు పచ్చగా కదిలి, నేల మీద పాకి, గడప దాకా పోయాయి. అవి ఎటు పోయాయో పచ్చటి చార చూస్తే తెలిసిపోతోంది.

నాంచారమ్మ ఆ చారను చూస్తూ ఉండిపోయింది. ఆ తరువాత నిదానంగా లేచి, మళ్లీ గుర్నాథం ఇంటికి వెళ్లింది. ముందు తొందరపడి అన్న మాటలకు మన్నించమంది. ఆపైన తన ఆలోచన చెప్పింది. గుర్నాథం వెంటనే బొగ్గులు నూరడానికి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ కబురు అందుకుని ఐరావతమ్మ వచ్చింది. నాంచారమ్మ కబురు మీద కబురు పంపితే గానీ రాని భూషణం, ఐరావతమ్మ వస్తోందని తెలిసి పిలవకముందే వచ్చాడు. నాంచారమ్మ స్నానాల గదిలో రెండు కడవల నీళ్లు పెట్టి, వాటిలో గుప్పెళ్లతో పసుపు కలిపింది. అటు గుర్నాథం తన ఇంట్లో రెండు కడవల నీళ్లలో బొగ్గుపొడి కలిపాడు.

"ఎవరి నీళ్లు వాళ్ల ఇంట్లో పోస్తాం మేస్త్రీ. నా గోడ మీద నల్ల మరక వస్తే తప్పు మా అన్నయ్యది. పచ్చ మరక వస్తే నీ గొట్టానిది. ఒప్పుకుంటావా?" అని నాంచారమ్మ అడిగింది.

ఐరావతమ్మ ఎదురుగా ఉంది. భూషణం ఒప్పుకోక తప్పలేదు.

రెండు ఇళ్లలోనూ నీళ్లు పోశారు. ఐరావతమ్మ వాకిలి బయటే నిలబడింది, మిగతావాళ్లంతా పురిటిగదిలో గోడ ముందు కూర్చున్నారు. ఎండ గుట్ట మీదికి ఎక్కింది. గోడ మీద ఏమీ కనిపించలేదు. భూషణం మెల్లగా ఈల వేయడం మొదలుపెట్టాడు. నాంచారమ్మ గోడ మీది నుంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నానికి, కొత్తగా గీసిన చేప కడుపు దగ్గర శనగగింజంత చుక్క ఒకటి తేలింది. చూస్తూ ఉండగానే అది పెద్దదై చేపంతా పాకింది. గది లోపలి వెలుగు మసకగా ఉంది కాబట్టి ఐరావతమ్మ తొండం లోపలికి చాచి ఆ మరకను వాసన చూసింది.

"పసుపు" అంది.

భూషణం ఈల ఆగిపోయింది. ఇప్పుడు తవ్వితే గోడ మీది బొమ్మలన్నీ పాడైపోతాయన్నాడు. కాన్పు అయ్యాక తీరిగ్గా చూసుకుందామన్నాడు. నాంచారమ్మ ఈసారి మొహమాటపడలేదు. అలాగని గొంతు కూడా పెంచలేదు.

"బొమ్మలు మళ్లీ గీసుకోవచ్చు మేస్త్రీ. పిల్లలను మళ్లీ తెచ్చుకోలేం. ఇప్పుడే పగలగొట్టు. నేను ఇక్కడే నిలబడి చూస్తాను" అంది.

భూషణం పగలగొట్టాడు. గొట్టాల అతుకు బయటపడింది. అతుకుల్లో లక్క కరిగించి పోయాలి. అతను అక్కడ ఎండుటాకులు కూరి పెట్టాడు. ఆకులు నాని ముద్దయి, వాటిలోంచి పసుపు నీళ్లు గోడలోకి కారుతున్నాయి. నాంచారమ్మ మూడో గొట్టం గుట్ట వాలు మీదికి తీయించి, ఒక చివర కన్ను పెట్టి చూసింది.

"ఇటు నుంచి చూస్తే అటు వెలుగు కనిపించాలి కదా. చీకటిగా ఉందేం?" అని అడిగింది.

భూషణం తల వంచుకుని సంగతి చెప్పాడు. చివరి కణుపు దాకా కర్ర అందలేదట. ఇంకాస్త పొడవాటి కర్ర కోసం చెట్టెక్కాలంటే బద్ధకం వేసిందట. కొండముచ్చుకు చెట్టెక్కడం బరువైందన్నమాట. ఒక్క పొరే కదా, నీళ్లే దాన్ని తోసుకుపోతాయిలే అనుకున్నాడు. పొర అలాగే ఉండిపోయింది. నీళ్లు దానికి కొట్టుకుని వెనక్కి తన్ని, అతుకులోంచి గోడలోకి ఇంకాయి. ఇదంతా భూషణానికి మొదటి మరక చూసినప్పుడే తెలుసు.

గుర్నాథం గొట్టంలోకి దూరాడు. కాసేపు కరకరమని కొరుకుతున్న చప్పుడు వినిపించింది. ఆ తరువాత గొట్టం అవతలి చివర అతని మూతి కనిపించింది. అతను బయటికి వచ్చాక నాంచారమ్మ మళ్లీ కన్ను పెట్టి చూసింది. ఈసారి అవతల గుట్ట వాలు, దాని మీద ఎండ కనిపించాయి.

మిగిలిన పని ఆమె భూషణం చేతే చేయించింది. తడిసిన మట్టి అంతా తీయించింది. అతుకుల్లో లక్క పోయించింది. ఒక పగలూ ఒక రాత్రీ గొట్టంలో నీళ్లు పారనిచ్చి, అతుకులు చేత్తో తడిమి, పొడిగా ఉన్నాయని తేల్చుకున్నాకే మూయనిచ్చింది. గోడ త్వరగా ఆరడానికి గదిలో కుంపటి పెట్టింది.

భూషణం వెళ్లబోతుంటే ఐరావతమ్మ అతన్ని ఆపింది. "రేవు పని నీకు ఇవ్వను భూషణం. తప్పు జరిగిందని కాదు. తప్పులు ఎవరికైనా జరుగుతాయి. నీ తప్పును తీసుకెళ్లి పక్కింటివాడి నెత్తిన రుద్దావు, అందుకు" అంది.

భూషణం నీరుగారిపోయాడు. ఎప్పుడూ ఆకాశం వైపు చూసే ఆ తోక, మొదటిసారి ముడుచుకుని గుట్ట దిగింది. రేవు పని గుర్నాథానికి దక్కింది. కణుపు కణుపూ చూసి, అతుకు అతుకూ తడిమి సరే అనాల్సింది నాంచారమ్మేనని ఐరావతమ్మ షరతు పెట్టింది. ఆ ఏడు ఎండాకాలమంతా ఏనుగు గున్నలు ఆ రేవులో ఆడినా ఎక్కడా చుక్క నీరు కారలేదు.

అప్పటి నుంచి ఇప్పలకోనలో పసుపు నీళ్లు వదిలి చూడకుండా ఎవరూ గొట్టం మూయనివ్వడం లేదు. చాలా రోజుల తరువాత భూషణానికి మళ్లీ చిన్న చిన్న పనులు దొరికాయి. ఇప్పుడు ఎవరూ అడక్కముందే అతనే పసుపు కలిపి ఇస్తున్నాడట.

అవన్నీ తరువాతి సంగతులు. గోడ ఆరిన మూడోరోజే అలివేలుకు కాన్పు అయింది. ఇద్దరు పిల్లలు. నాంచారమ్మ ఇద్దరికీ ఒంటికి పసుపు రాసి, వేణ్ణీళ్లతో స్నానం చేయించింది. నీళ్లు గిర్రున తిరిగి గొట్టంలోకి దిగిపోయాయి. పిల్లలను తల్లి ఒడిలో పెట్టి, ఆమె గబగబా రెండో వాకిట్లోంచి బయటికి వెళ్లి గుట్ట వాలులో నిలబడింది. గొట్టం చివరి నుంచి పచ్చటి నీళ్లు ధారగా పడి, రాళ్ల మీదుగా కిందికి జారిపోయాయి. లోపల అలివేలు గోడకు వీపు ఆనించి కూర్చుని ఇద్దరికీ పాలిస్తోంది. గోడ పొడిగా, వెచ్చగా ఉంది.

నీతి: పనివాడి మాటలను కాదు, పనిని పరీక్షించాలి, అడగవలసిన చోట మొహమాటపడితే కష్టం మన ఇంటి మీదికే వస్తుంది.