కుంకుమబొట్టు పెట్టిన తీగ

“గురువుగారూ, ఇన్నేళ్ళుగా మాకు శాంతం గురించే చెబుతున్నారు. మీ కోపం మాత్రం ఎందుకు పోలేదండీ?”

కులశేఖరం ఈ మాట అడిగింది దసరాకు నాలుగు రోజుల ముందు. అంతమందిలో అడిగే ధైర్యం ఆయనకే ఉంది. ఎందుకంటే కాలేజీలో లెక్కలు చెప్పే ఈ కులశేఖరం గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, కాస్త ఎక్కువగానే తెలుసు.

భైరవయ్యగారికి కోపం ముక్కు మీదే ఉంటుందని తెనాలిలో అందరికీ ఎరుకే. ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కిన లైన్‌మన్ ఆయన. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే వసారాలో పదిమందిని కూర్చోబెట్టుకొని తత్వం చెప్పేవారు. పద్యానికి తప్పు అర్థం చెబితే నవ్వి దిద్దేవారు. కారు ఛార్జింగు తీగ దగ్గర మాత్రం వీరభద్రుడైపోయేవారు. ఆ కరెంటు కారు ఇచ్చింది శిష్యుల్లో పెద్దవాడు, రైసుమిల్లు దశరథరామిరెడ్డిగారు. నడవలేని ముసలివాళ్ళను పాఠానికి తీసుకురావడానికి ఇచ్చాడు. వాకిలి ఇరుకు కాబట్టి కారు సందులోనే ఆగేది. గోడకున్న ప్లగ్గు నుంచి తీగ గేటు కిందుగా కారు దాకా పోయేది. తీగ పరిచి ఉన్నంతసేపూ గేటు తెరిచే ఉండాలి, కదలకుండా ఇటుక అడ్డం పెట్టాలి. తీగ మీదికి చక్రం ఎక్కకూడదు. చుట్ట విప్పకుండా ఛార్జింగు పెట్టకూడదు, వేడెక్కుతుంది. పనయ్యాక తుడిచి, వెడల్పాటి కొయ్య చక్రానికి చుట్టాలి తప్ప మేకుకు వేలాడదీయకూడదు. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఆయన అరుపు సందు చివర ఇస్త్రీ బండి దాకా వినబడేది. ముసలాయన చాదస్తమని చాటున నవ్వుకునేవాళ్ళు. ప్రమాదమైతే కరెంటు దానంతటదే ఆగిపోయే ట్రిప్పరొకటి ప్లగ్గు దగ్గర ఆయనే తెచ్చి బిగించుకున్నారు. దానికీ నవ్వారు.

కులశేఖరం ప్రశ్న విని భైరవయ్యగారు, “మా అక్కగారి ఊరు వెళుతున్నాను, పన్నెండు రోజుల్లో వస్తాను. వచ్చాక చెబుతా. అందాకా ఆ తీగ పూచీ నీదయ్యా,” అని సంచీ భుజాన వేసుకొని వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు ఇటుక పక్కకు పోయింది. పండగ ప్రసాదాలకు ఆవులు వాకిట్లోకి వస్తున్నాయని రెడ్డిగారు గేటు మూయించాడు. ఇనప గేటు అడుగంచు రోజుకు పదిసార్లు తీగ మీద ఈడ్చుకుంటూ తిరిగింది. దసరానాడు పొద్దున కులశేఖరం వచ్చి చూసేసరికి పైతోలు చిరిగి, లోపలి సన్నతీగ తోలు కూడా తెగి, రాగి మెరుస్తోంది. ఆయనకు చెవుల దాకా వేడెక్కింది. గేటు మూసిందెవరని అడగబోయాడు కూడా.

సరిగ్గా అప్పుడే రెడ్డిగారు నల్లటేపు పట్టుకొచ్చాడు. ప్లగ్గు తీసి, కింద కూర్చొని, తన చేత్తోనే గాయం చుట్టూ నాలుగు వరసలు చుట్టాడు. ఎలాగూ వాహనపూజ నడుస్తోంది కదా అని ఆ టేపు మీద పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టాడు.

“కొత్తదానిలా లేదూ మాస్టారూ?” అన్నాడు.

కులశేఖరానికి ఆ టేపు లాగి అవతల పారేయాలనిపించింది. కానీ ఆయన పెద్దవాడు, కారిచ్చినవాడు, పైగా పండగపూట. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. “బాగుందండీ,” అన్నాడు. ఆ రాత్రి అన్నం తింటూ, ఇవాళ కోపాన్ని జయించానని భార్యతో చెప్పుకున్నాడు కూడా. ఇలాంటి మంచితనం చూస్తే ఈ కథ చెబుతున్న నాకు ఒళ్ళు మండుతుంది. ఎవడో ఒకడు చెడ్డవాడనిపించుకోక తప్పని చోట, అందరూ మంచివాళ్ళయి కూర్చుంటారు.

ఆ తరవాత ఆ టేపు జోలికి ఎవరూ పోలేదు. పూజ చేసిన వస్తువు, విప్పకూడదన్నారు. పాఠానికొచ్చే ఆడవాళ్ళు కొందరు దాన్ని దాటబోతూ ఆగి, ఆ బొట్టుకు దణ్ణం పెట్టుకునేవాళ్ళు. కులశేఖరం రోజూ చూసేవాడు. చూసి, తల తిప్పుకొని పక్కనుంచి నడిచేవాడు.

భైరవయ్యగారు తిరిగి వచ్చే ముందురోజు సాయంత్రం వాన పడింది. తెల్లవారాక కులశేఖరం ఆయన్ను బస్టాండు నుంచి వెంటబెట్టుకొస్తున్నాడు. ఇద్దరూ సందులోకి తిరిగేసరికి, ఆ ఇంట్లో వాకిలి ఊడ్చే సుగుణమ్మ కళ్ళాపి చల్లడం ముగించి ముగ్గు గిన్నె తీసుకుంది. కారు ఛార్జింగులో ఉంది. ముగ్గుకు అడ్డమని తడిచేత్తో తీగను, సరిగ్గా ఆ బొట్టు దగ్గరే, పట్టుకొని పైకెత్తింది. గోడ దగ్గర ట్రిప్పరు టక్కున పడింది. సుగుణమ్మ వెనక్కి విరుచుకొని గేటు స్తంభం మీద పడింది.

భైరవయ్యగారు సంచీ వదిలేసి పరుగెత్తారు. ముందు ప్లగ్గు ఊడబీకారు, తరవాతే ఆమె దగ్గర కూలబడ్డారు.

“ఊపిరాడుతోందా తల్లీ?”

“ఆడతంది అయ్యా. చెయ్యే... కదలటంలా.”

కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరగా వాచిపోయి ఉంది. ఆమె కూతురు ఏడుస్తూ వచ్చి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. అప్పటికి శిష్యులంతా చేరారు. గురువుగారు విరుచుకుపడతారని తలలు వంచుకొని నిలబడ్డారు. ఆయన అరవలేదు. అరుగు మీద కూర్చొని టేపు ఒక్కో వరసా విప్పుతున్నారు. లోపల నీళ్ళు దిగి రాగికి చిలుము పట్టింది.

“తడిచేత్తో ఎందుకు ముట్టుకున్నట్టు?” అన్నాడు రెడ్డిగారు పక్కవాళ్ళతో. “ఎంత పనిమనిషైనా కాస్త ఇంగితం ఉండొద్దూ?”

అంతే, కులశేఖరం ఇన్నేళ్ళ శాంతం ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది.

“ఇంగితం ఆమెకా ఉండాల్సింది?” కులశేఖరం మీదమీదకు వెళ్ళాడు. “గేటు మూయించింది మీరు. టేపు చుట్టింది మీరు. చావును చుట్టిపెట్టి దానికి బొట్టు పెట్టింది మీరు. ఆమె రెక్కాడితేగాని డొక్కాడని మనిషండీ. తప్పు ఆమెదని ఇంకోసారి అన్నారంటే మర్యాద దక్కదు.”

ఇస్త్రీ బండి దగ్గర మనిషి పెట్టె దించి ఇటు చూశాడు. రెడ్డిగారి మొహం నల్లబడింది. కులశేఖరం గురువుగారి వైపు తిరిగాడు.

“మీరేమీ అనరేమండీ? ఇటుక జరిగినా కోప్పడే మనిషి, ఇవాళ మీకు కోపం రాదా?”

భైరవయ్యగారు కత్తెర అందుకొని తీగను రెండు ముక్కలు చేశారు, మళ్ళీ ఎవరూ అతికి వాడకుండా. “దీనికి అతుకులు పనికిరావు. కొత్త తీగ తెప్పించండి. గేటు పక్క గోడకు తూము పెట్టి గొట్టంలోంచి లాగుదాం,” అన్నారు మామూలు గొంతుతో. ముక్కలు పక్కన పెట్టి అప్పుడు తలెత్తారు.

“దీన్ని మొదట ఎప్పుడు చూశావయ్యా?”

“దసరానాడండి.”

“అప్పుడు కోపం రాలేదా?”

“వచ్చిందండి. మింగేశాను.”

“నాకు తీగ తెగకముందు వస్తుంది. తెగాక చెయ్యాల్సిన పనే బోలెడుంటుంది.” ఆయన లేచి దులుపుకున్నారు. “నీ కోపం మంచిదేనయ్యా. దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళి సుగుణమ్మకు ఒకసారి చూపించి రా.”