మిషన్‌లో మిగిలిన చోటు

ఏది ముందు జరిగిందో, ఏది వెనకో నేను తారుమారు చేసి ఉండవచ్చు. ఆ డాక్టరమ్మ గారిని శిష్యుడు అడిగిన ప్రశ్న మాత్రం మనసులోంచి పోలేదు. చెల్లెలి రిపోర్టు కోసం నేనూ, దాని కూతురు వనజా క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ శేషారత్నం గారి గది గుమ్మం పక్కనే కూర్చుని ఉన్నాం. కణితి ముక్కలో జన్యువులు మిషన్‌లో చదివి, ఏ మందు పనిచేయవచ్చో చెప్పే విద్య ఆవిడది.

"ఈ వారానికి మిషన్‌లో ఒక్క చోటే మిగిలింది మేడమ్," అన్నాడు శిష్యుడు భార్గవ. "ఊపిరితిత్తుల కేసులు ఎన్నో ఆగి ఉన్నాయి. ఎక్కడో ఒకరికి వచ్చే ఈ జబ్బుకి ఆ చోటు ఇవ్వడం న్యాయమా?"

ఈ జబ్బు అంటే పురుషాంగానికి వచ్చే క్యాన్సర్. బయట బెంచీ మీద భార్యతో కూర్చుని ఉన్న కూర్మారావుకి అవయవం తీసేశారు. జబ్బు మళ్ళీ గజ్జల్లో లేచింది. ఎక్కించిన మందులు పనిచేయలేదు. ఇంకో దారి ఉందో లేదో ఆ పరీక్షే చెప్పాలి.

ఆవిడ వాదించలేదు. "వాళ్ళని పిలు. చోటు లేదని నువ్వే చెప్పు. ఏ జబ్బుకి లేదో పేరు పెట్టి చెప్పు," అంది.

కూర్మారావు, భార్య పైడమ్మ లోపలికి వెళ్ళారు. భార్గవ గొంతు సవరించుకున్నాడు. "అంటే... మీ ఆయనకి అక్కడ వచ్చింది చూడండి, అది..."

"అక్కడంటే ఎక్కడ బాబూ?" అంది పైడమ్మ. "మా ఊరి డాక్టరూ ఇలాగే అన్నాడు. అక్కడ దురద, అక్కడికి పూతమందు అన్నాడు. రెండేళ్ళు. పంచె తీసి చూపించమని అడగనేదు. టౌన్లో పెద్ద డాక్టరూ బల్లకి అవతలే కూకుని రాసిచ్చాడు."

"ఊరుకోవే," అన్నాడు కూర్మారావు నేలకేసి చూస్తూ.

"ఊరుకునే కదా ఇంతకాడికి తెచ్చుకున్నాం. కోసేసినాక కూడా పేరు చెప్పడానికి సిగ్గేనా బాబూ?"

"ఇది చాలా అరుదమ్మా," అన్నాడు భార్గవ చివరికి, వినీ వినబడనట్టు.

శేషారత్నం గారు కణితి ముక్క ఉన్న మైనపు బిళ్ళని అతని చేతిలో పెట్టింది.

"ఎవరూ చూడని చోట అన్నీ అరుదే. మిషన్‌కి సిగ్గు లేదు. వెళ్ళి పెట్టు."

వనజా, పేర్లు సరిగ్గా రాశానో లేదో ఒకసారి చూడమ్మా. జబ్బు పేరు మాత్రం మార్చకు.