పదకొండు మంది పిల్లలు, ఒక్క పాయింటు

ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది తరవాత జరిగిందో నాకు కాస్త తారుమారు కావచ్చు. ఈ మధ్య పులుసులో ఉప్పు వేశానో లేదో కూడా రెండుసార్లు రుచి చూసుకోవాల్సి వస్తోంది. అందుకే మరిచిపోకముందే రాసేస్తున్నాను. ఎక్కడైనా ముందూ వెనకా అయితే మీరే సర్దుకోండి. నవ్వు మాత్రం ఎటునుంచి చదివినా వస్తుంది.

గుల్లలపేటలో కోరాడ వారంటే మహా తెలివైనవాళ్ళని పేరు. ఆ పేరు పెట్టుకున్నది వాళ్ళే. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు గవరయ్య ఆలోచిస్తాడు. నడిపివాడు తవిటయ్య ఆ ఆలోచన బ్రహ్మాండంగా ఉందంటాడు. ఆఖరివాడు చిన్నంనాయుడు ఆ పని చేసేస్తాడు. తల్లి పైడమ్మ ముగ్గుర్నీ చూసి మురిసిపోతుంది.

"మొన్న వానలో ఊరంతా గొడుగులు తడుపుకుంటూ వచ్చారమ్మా. నా కొడుకులు మాత్రం గొడుగు తడవకుండా చొక్కాలోపల దాచుకుని తెచ్చారు. వస్తువంటే ఎంత గౌరవమో!" అని వీధిలో అందరికీ చెప్పేది.

చిన్నంనాయుడికి ఒక ఆటో ఉంది. వాడికి అదంటే ప్రాణం. కానీ బేరాలు లేవు. ఇంకో నెల ఇలాగే ఉంటే ఆటో అమ్మేసి బావగారి ఇటుకల బట్టీలో పనికి పొమ్మని గవరయ్య తేల్చేశాడు. బట్టీ పేరెత్తితే చిన్నంనాయుడికి అన్నం సహించేది కాదు.

సరిగ్గా అప్పుడే హైవే పక్కనున్న బడికి ఆటో కావాల్సి వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్ళే పాత డ్రైవరు ఫోను మాట్లాడుకుంటూ ఆటోని కాలవలోకి దించేశాడు. కాలవలో నీళ్ళు లేవు కనక పిల్లలకి బురద తప్ప ఇంకేమీ అంటలేదు. హెడ్మిస్ట్రెస్ సువార్త గారికి మాత్రం వారం రోజులు నిద్ర పట్టలేదు.

చిన్నంనాయుడు అన్నల్ని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"చూడు బాబూ," అన్నారు సువార్త గారు. "ఇప్పుడు కొత్త నిబంధన వచ్చిందట. డ్రైవరు చేసే ప్రతి తప్పుకీ లైసెన్సు మీద ఒక పాయింటు రాస్తారు. పన్నెండు అయితే ఏడాదిపాటు లైసెన్సు రద్దు. నీకెన్ని పాయింట్లున్నాయో రవాణా ఆఫీసులో కాగితం రాయించుకుని సోమవారానికి పట్రా. తక్కువుంటే పిల్లల్ని నీకు అప్పగిస్తాను. ఆ కాగితంలో ఒక్క అబద్ధం ఉన్నా మాత్రం గేటు దాటనివ్వను."

"మా ఇంట్లో అబద్ధం ఆడేంత తెలివి ఎవరికీ లేదండీ," అన్నాడు తవిటయ్య గర్వంగా.

అంతే, ముగ్గురూ అటునుంచి అటే రవాణా ఆఫీసుకి వెళ్ళారు. అక్కడి గుమస్తా కంప్యూటర్లో చూసి, కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. గవరయ్య కూడబలుక్కుని చదివాడు.

"ఒరే చిన్నా, సున్నా అని ఉందిరా."

"సున్నా ఎలా అవుద్ది అన్నియ్యా? నిన్ననే కదా పక్కింటి రావులమ్మ ఎండబెట్టిన మిరపకాయల మీద నించి పోనిచ్చాను."

"మొన్న బజ్జీల కోసం ఎదురుదారిలో వెళ్ళావు," అని గుర్తు చేశాడు తవిటయ్య. "మధ్యలో నాకు నడపడం నేర్పుతానని నా చేతికిచ్చి నువ్వు నిద్రపోయావు."

గవరయ్య ముఖం పాలిపోయింది. "అయితే ఇది అబద్ధపు కాగితం. దీన్ని పట్టుకెళ్తే చిన్నవాడు బట్టీకే."

వెంటనే కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు. "అయ్యా, మావాడివి మూడు తప్పులున్నాయి. రాసి పుణ్యం కట్టుకోండి."

గుమస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఇలాంటి దరఖాస్తు రాలేదు. "నేను రాయకూడదయ్యా. రోడ్డు మీద పోలీసు రాస్తే నా దగ్గరికొస్తుంది. ఆటోని కాలవలో పడేసినవాడికీ ఇందులో సున్నాయే. మన చుట్టుపక్కల అందరికీ సున్నాలే."

"అంటే ఎవరూ తప్పు చెయ్యట్లేదా?"

"ఎవరూ రాయట్లేదు."

"పోలీసు ఎక్కడుంటాడు?"

"జంక్షన్లో, గొడుగు కింద. నేరుగా పొండి," అన్నాడు గుమస్తా.

ఇంకేముంది. చిన్నంనాయుడు నేరుగా పోయాడు. రోడ్డు రెండుచోట్ల వంకర తిరిగింది గాని వాడు తిరగలేదు. ఒక కళ్ళంలోంచి, ఒక పెళ్ళివారి వంటపందిట్లోంచి నేరుగా వెళ్ళి జంక్షన్లో తేలాడు. ఆటో ముందు చక్రానికి కరివేపాకు, తవిటయ్య మెళ్ళో అరటాకు ఉన్నాయి.

"మొత్తం ఐదు తప్పులు," అన్నాడు గవరయ్య, వేళ్ళు మడుస్తూ.

జంక్షన్లో గొడుగుంది. దాని కింద పోలీసు లేడు. ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. చివరికి గవరయ్య ఒక అడుగు ముందుకేసి గొడుగుకే దణ్ణం పెట్టి, "బాబూ, మావాడు మిరపకాయలు తొక్కించాడు..." అని మొదలుపెట్టాడు.

పక్కనున్న టీ బడ్డీవాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి మీ ఇల్లు బంగారంగానూ! గొడుగు రాస్తుందేట్రా? కానిస్టేబులు బంగారయ్య గారు ఇదిగో, నా బల్ల మీదే ఉన్నారు."

బంగారయ్య ఒక చేత్తో టీ గ్లాసు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఉన్నాడు. గవరయ్య విషయమంతా విన్నవించాడు.

"నిన్నటి తప్పు ఇవాళ ఎలా రాస్తానయ్యా? నేను చూడాలి కదా. నా కళ్ళముందు చేస్తే రాస్తాను. పొండి పొండి."

అంతే! చిన్నంనాయుడు ఆటోని ఎదురుదారిలో అటునుంచి ఇటు ఒకసారి, ఇటునుంచి అటు ఒకసారి తిప్పాడు. బస్సువాళ్ళు తిట్టారు. పాలవాడు సైకిలు పడేసి పరిగెత్తాడు.

"చూశారా సార్?"

"ఫోనులో ఉన్నానయ్యా. చూళ్ళేదు."

సరేనని పదమూడు మందిని ఆటోలో కుక్కుకుని వచ్చాడు. వాళ్ళలో ఇద్దరు ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళకే తెలియదు, తవిటయ్య బతిమాలితే ఎక్కారు. బంగారయ్య ఈసారి తలెత్తి చూశాడు.

"ఇదేం తప్పు? అందరూ ఇలాగే ఎక్కిస్తారుగా," అని మళ్ళీ తల దించుకున్నాడు.

చిన్నంనాయుడికి ఏడుపొచ్చింది. "అన్నియ్యా, రేపు ఆదివారం. ఎల్లుండికి కాగితం నిజమవ్వకపోతే నా బతుకు బట్టీపాలే!"

గవరయ్య గట్టిగా ఆలోచించాడు. "ఒరే, సారు ఏమన్నారు? కళ్ళముందు చెయ్యమన్నారు. మనం అంత దూరంలో చేస్తే ఆయన కళ్ళకి ఎలా ఆనుతుంది? కళ్ళముందంటే కళ్ళముందే!"

"బ్రహ్మాండం!" అన్నాడు తవిటయ్య.

ఇంకేముంది. ఆటో వెనక్కి వెళ్ళి, ఊపందుకుని, తిన్నగా బంగారయ్య ముక్కుకి జానెడు దూరంలో వచ్చి ఆగింది. ఆ జానెడు దూరానికి రావడానికి టీ బడ్డీలోంచి రావాల్సి వచ్చింది. బిస్కట్ల సీసాలు దొర్లాయి. పాలగిన్నె బోర్లాపడింది. బడ్డీ పైరేకు ఆటో నెత్తిన టోపీలా కూర్చుంది. బంగారయ్య బల్ల మీంచి ఎగిరి గొడుగు కర్రని కౌగలించుకున్నాడు.

"ఇప్పుడు చూశారు కదా సార్!" అన్నాడు చిన్నంనాయుడు ఆనందంగా.

బంగారయ్య నడుముకున్న చీటీల మిషను తీశాడు. మీట నొక్కాడు. వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. "ఛార్జింగు లేదు. ఎప్పుడు పెట్టానో ఏమో," అని గొణుక్కున్నాడు. తరవాత ఒక్కసారిగా కేకేశాడు. "పొండిరా! వెనక్కి తిరిగి చూడకుండా పొండి!"

పోలీసు మాట. చిన్నంనాయుడు ఆటో తీశాడు. అన్నలు ఎక్కారో లేదో చూద్దామంటే వెనక్కి తిరగాలి. అద్దంలో చూసినా వెనక్కి చూసినట్టేనని రెండు అద్దాల మీదా తువ్వాలు కప్పేశాడు. అన్నలిద్దరూ "ఆగరా! మమ్మల్నొదిలేసి పోతున్నావురా!" అని అరుస్తూ వెనకాల పరిగెత్తారు. ఆ గొంతులు ఎవరివో వాడికి తెలుసు గాని, తిరగకూడదు కదా. జంక్షను దాటాడు. ఇల్లు దాటాడు. గుమ్మంలో పైడమ్మ "భోజనానికి రారా!" అని పిలిచింది. ఆ పిలుపు కూడా వెనకబడిపోయింది. ఏడు మైళ్ళ అవతల ఒక జీడితోటలో పెట్రోలు అయిపోయి ఆటో దానంతట అదే ఆగింది. మర్నాటి మధ్యాహ్నానికి గాని ఇల్లు చేరలేదు.

సోమవారం పొద్దున్నే నలుగురూ బడి గేటు దగ్గర నిలబడ్డారు. పైడమ్మ కూడా వచ్చింది. ఆటోకి ఒక దీపం లేదు, నెత్తిన సొట్ట ఉంది.

సువార్త గారు కాగితం చూశారు. ఆవిడ ముఖం వికసించింది. "సున్నా! ఒక్క తప్పు కూడా లేదా!"

"ఆ కాగితం అబద్ధమండీ," అన్నాడు చిన్నంనాయుడు తల దించుకుని. "తొమ్మిది తప్పులు చేశాను. టీ బడ్డీ కూడా కూల్చాను."

"ఎంత వినయం!" అన్నారు సువార్త గారు. "ప్రభుత్వం వారు ముద్ర కొట్టి ఇచ్చాక నువ్వు కాదంటే ఎలా బాబూ? మరి ఆటోకి ఈ సొట్టేమిటి? పాపం, ఎవరో గుద్దేసి ఉంటారు. రామాలయం దగ్గర పదకొండు మంది పిల్లలు నీకోసం ఎదురుచూస్తున్నారు. వెళ్ళి తీసుకురా."

చిన్నంనాయుడు అన్నల్నీ, అమ్మనీ ఎక్కించుకుని రామాలయం దగ్గరికి వెళ్ళాడు. పిల్లలు బిలబిలా ఎక్కేశారు. రిబ్బన్లు, క్యారేజీలు, నీళ్ళసీసాలు. ఒక చిన్నపిల్ల వాడి వీపు మీద వేలితో బొమ్మ గీస్తోంది.

"అన్నియ్యా, ఇప్పుడు తప్పు చేస్తే నిజంగా తప్పే. ఎవరు రాసినా, రాయకపోయినా," అన్నాడు నెమ్మదిగా.

వాళ్ళ జీవితంలో ఆ ఇంట్లోంచి వచ్చిన మంచిమాట అదొక్కటే. కానీ దాని తరవాత గవరయ్య ఆలోచించాడు.

"ఒరే, ఇంజను తిరిగితేనే కదా తప్పు జరుగుతోంది? ఇంజను ఆపెయ్. మేం తోస్తాం."

"బ్రహ్మాండం!"

అంతే. చిన్నంనాయుడు హేండిలు పట్టుకుని కూర్చున్నాడు. గవరయ్య, తవిటయ్య వెనకనించి తోశారు. పైడమ్మ కర్ర పట్టుకుని ముందు నడుస్తూ, "తప్పుకోండి, తప్పుకోండి! పిల్లలొస్తున్నారు!" అని అరిచింది. పిల్లలు ఎక్కాలు పాటగా పాడారు. హైవే ఎక్కాక వెనకాల ఒక లారీ చేరింది. దాని వెనక బస్సు, బస్సు వెనక ఇంకో పది లారీలు, వంతెన దాకా వరస. ఆ రోడ్డు మీద బళ్ళు నెమ్మదిగా నడవడం ఊరివాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ముసలమ్మలు రోడ్డుకి అటూ ఇటూ ఊరికే రెండేసి సార్లు దాటి చూశారు.

బడి ఇంకో వంద గజాలుందనగా బంగారయ్య ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఇవాళ మిషనుకి నిండా ఛార్జింగుంది.

"రోడ్డుకి అడ్డంగా ఏమిటయ్యా ఇది! రాకపోకలకి ఆటంకం! పాయింటు!" మిషను కుయ్యిమంది. చీటీ బయటికొచ్చింది.

"ఇన్నాళ్ళకి రాశారా సార్!" అని చిన్నంనాయుడు రెండు చేతులతో చీటీ అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"ఇంకోసారి ఈ బండి చక్రం రోడ్డు మీద తిరగడం చూశానంటే ఇంకో పాయింటు రాస్తాను!" అని బంగారయ్య గొడుగు వైపు వెళ్ళిపోయాడు.

ఈలలు విని సువార్త గారు గేటు బయటికొచ్చారు. చీటీ చూసి కళ్ళజోడు సవరించుకున్నారు. "మొదటిరోజే పాయింటా? పిల్లలు క్షేమంగా వచ్చారు కనక ఊరుకుంటున్నాను. సాయంత్రం వీళ్ళని ఇళ్ళకి చేర్చేటప్పుడు ఇంకొక్క పాయింటు పడిందా, రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు."

పిల్లలు దిగి లోపలికి పోయారు. చిన్నంనాయుడి కళ్ళముందు ఇటుకల బట్టీ పొగలు కక్కుతూ కనిపించింది.

"ఏడవకురా," అన్నాడు గవరయ్య. "సారు ఏమన్నారు? చక్రం తిరగకూడదన్నారు. మేడమ్ గారు ఏమన్నారు? పిల్లలు ఇళ్ళకి చేరాలన్నారు. రెండూ జరిగేలా నేను చూస్తాను."

సాయంత్రం నాలుగింటికి గంట కొట్టారు. పిల్లలు బయటికొచ్చేసరికి ఆటో రోడ్డు పక్కన పొట్ట మీద కూర్చుని ఉంది. మూడు చక్రాలూ ఊడదీసేశారు. గవరయ్య నెత్తిన ఒకటి, తవిటయ్య నెత్తిన ఒకటి, పైడమ్మ చంకలో ఒకటి. చిన్నంనాయుడు హేండిలు గట్టిగా పట్టుకుని, కళ్ళార్పకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఎక్కండి పిల్లలూ, జాగ్రత్తగా పట్టుకోండి."

పదకొండు మందీ ఎక్కారు. చిన్నంనాయుడు హారను కొట్టాడు. మలుపని చెప్పి ఒక పక్కకి వాలాడు. పిల్లలూ వాలారు. గుంటని చెప్పి ఎగిరాడు. పిల్లలూ ఎగిరారు. ఎవరికీ దిగాలని లేదు.

బంగారయ్య వచ్చి ఆటో చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కింద వంగి చూశాడు. మిషను తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏం రాయాలో తోచక టీ తాగడానికి పోయాడు.

అయిదు దాటింది. పిల్లలు ఇళ్ళకి రాలేదని తల్లులు ఒక్కొక్కరే గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చారు. మొదట వచ్చిన ఆవిణ్ణి చూడగానే చిన్నంనాయుడు బ్రేకు గట్టిగా తొక్కి పట్టాడు.

"అమ్మలూ, దిగు. మీ ఇల్లొచ్చింది!"

అలా పదకొండు బ్రేకులు వేసి పదకొండు మందినీ దింపాడు. ఆఖరి పిల్ల కూడా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకున్నాక, గవరయ్య నెత్తిన చక్రం దించకుండానే గేటు దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, అందర్నీ ఇళ్ళకి చేర్చేశాం. ఒక్క పాయింటు కూడా పడలేదు. వెంకటాపురం పిల్ల ఇల్లు కాస్త దూరం కదండీ, అందుకే ఈ ఆలస్యం. రేపు ఇంకొంచెం తొందరగా పోనిమ్మని తమ్ముడికి చెప్తాను."

కథ అయిపోయింది. అమ్మా ఉమా, నువ్వు వాళ్ళ వీధిలోనే పెరిగావు కదా, నేను రాసింది ఒకసారి చదివి పెట్టు. నడిపివాడు తవిటయ్యేనా, లేక ఆ పేరు వాళ్ళ మావయ్యదా? హెడ్మిస్ట్రెస్ గారి పేరు కూడా చూడు. తప్పుంటే నువ్వే దిద్దేయ్.