సోయా తన ఆకులు తిరిగిచ్చిన కథ

ఒకప్పుడు సోయా మొక్క వట్టి పిసినారిది. కాయ ముదిరి కోతకొచ్చినా ఒక్క ఆకు కూడా కింద రాల్చేది కాదు.

ఆ రోజుల్లో కొండకింది గూడెంలో జైతుబాయి సోయా పండించేది. ఆ గూడెంలో కొడవలి పట్టే అలవాటే లేదు. మొక్కని వేళ్లతో సహా పీకి, మోపులు కట్టి ఇంటికి మోసేవాళ్లు. చేను ఊడ్చిన వాకిలిలా నున్నగా కనిపిస్తే అదో మురిపెం వాళ్లకి. వాన పడిందా, మన్నంతా వాగు పాలు. కొన్నాళ్లకి చేను సత్తువ పోయేది. పోతే పోనీ అని ఇంకాస్త అడవి నరికి మళ్లీ సోయా వేసేవాళ్లు.

అలా నరకగా నరకగా ఇప్పచెట్ల తోపు ఒక్కటే మిగిలింది. ఆ ఏడు జైతుబాయి చేను సగానికి సగం ఎండిపోయింది. ఇక తోపు కొట్టక తప్పదని గొడ్డలి పట్టుకుని బయల్దేరింది పాపం. చిన్నప్పటి నుంచీ ఆ చెట్ల కింద పువ్వు ఏరుకున్న మనిషాయె, కాళ్లు కదిలితేనా! చేను గట్టున కూలబడి ఏడ్చేసింది.

అప్పుడు నేల మెల్లగా అంది. "నేను గొడ్డుపోలేదు బిడ్డా. నాలోంచి తీసుకెళ్లింది ఏదీ తిరిగి రావట్లేదు, అంతే."

ఆ మాట విన్న సోయాకి తల కొట్టేసినట్టయింది. "తిన్నదంతా నేనే అక్కా," అంది జైతుబాయితో. "నా ఆకులు చేనుకే ఇచ్చేస్తాను. నా వేళ్ల బుడిపెల్లో నేలకి బలముంది. నన్ను పీకకు, కొయ్యి."

అన్నదే తడవు ఆకులన్నీ పసుపురంగుకి తిరిగి జలజలా రాలాయి. జైతుబాయి పక్క ఊళ్లో ఎవరినో అడిగి కొడవలి తెచ్చి, వేళ్లు నేలలోనే ఉంచి కోసింది. చేనంతా చెత్త చేసిందని గూడెం ఆడవాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. గింజ చాలని రోజుల్లో ఆ తోపే ఎండబెట్టిన ఇప్పపువ్వుతో ఆమె కడుపు నింపింది.

వానలొచ్చాయి. ఆకుల కింద మన్ను కదల్లేదు. జైతుబాయి జొన్న చల్లితే చేను నల్లగా, ఏపుగా లేచింది. హమ్మయ్య అని ఆమె గొడ్డలి తీసి అటక మీద పడేసింది. నవ్వినవాళ్లు కూడా కొడవళ్లు పట్టారు.

అప్పటినుంచే సోయా, కోతకి ముందు తన ఆకులన్నీ తనని పెంచిన నేలకే ఇచ్చేసి, ఒంటి మీద కాయలు మాత్రమే ఉంచుకుంటుంది.