పొగ పోయినంత మేర ముత్తేలుది

చెప్పేవాళ్ళకీ వినేవాళ్ళకీ ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఒక కొలను ఉండేదట. ఎంత పెద్ద కొలనంటే, ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడేది కాదు. పొద్దున్నే చూస్తే నీళ్ళు ఎక్కడ అయిపోయాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు.

ఆ కొలను నడుమ గుంజలు పాతి, వాటి మీద గుడిసెలు కట్టుకుని జాలర్లు చేపలు పట్టేవాళ్ళు. వాళ్ళకి ఒకటే కట్టుబాటు. ఎవరి పొయ్యి పొగ ఎక్కడ లేస్తే, ఆ నీళ్ళు వాళ్ళవి. పొయ్యి ఆరిందా, ఆ నీళ్ళు ఎవరివీ కావు. ఏటా వరద వచ్చేది. అందరూ గుడిసెలు విప్పుకుని ఒడ్డెక్కేవాళ్ళు. పొయ్యిలన్నీ ఆరిపోయేవి. వరద తీశాక కులపెద్ద మళ్ళీ నీళ్ళు పంచేవాడు. మగవాళ్ళకే పంచేవాడు.

అక్కడ ముత్తేలు అనే ఆమె ఉండేది. ఆమె మొగుడు గురువులు ఒక వానాకాలం చివర వల తేవడానికి దోనె వేసుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. అతను పాతిన నాలుగు గుంజలూ, వాటి మీద గుడిసే ఆమెకి మిగిలాయి. ఆ గుంజలకి చెవి ఆనిస్తే లోపల గురువులు పాడుతున్నట్టు వినిపించేదట. అది నీళ్ళు తగిలే చప్పుడేనని కొందరంటారు. నేను మాత్రం పాటే అనుకుంటాను.

చలికాలంలో కులపెద్ద భద్రయ్య దోనె మీద వచ్చాడు. గురువులికి వరసకి పెదనాన్న అతను.

"కోడలా! వరదొస్తే నీ పొయ్యి ఆరిపోతది. ఈ నీళ్ళు మా అల్లుడికిస్తా. నువ్వు మా ఇంటికొచ్చి చేపలెండబెడతా ఉండు. ఇంత ముద్ద పడేస్తాం."

"పొయ్యి ఆరకపోతేనో, పెదమావా?"

"ఎట్టా ఆరదే? నీళ్ళు ఎక్కుతాయిగా!"

"ఎక్కనీ. నేను దిగను."

భద్రయ్య నవ్వుకుంటూ పోయాడు. ముత్తేలు పని మొదలెట్టింది.

ముందు గాలి సంగతి చూసింది. ఆ గుడిసె గోడలు ఒంటి తడికలు. ఈదురుగాలికి పొయ్యిలో బూడిద కూడా లేచిపోయేది. ఆమె జమ్ము కోసింది, తడికలల్లింది. పాత గోడకి జానెడు ఎడంగా కొత్త గోడ కట్టి, మధ్యలో ఎండుగడ్డి కూరింది. పైన మట్టి మెత్తింది. పొయ్యి కింద కూడా మందంగా మట్టి పరిచింది. దూలానికి పిడకల బుట్టలు వేలాడదీసింది. ఇక గాలి బయటే అరుచుకునేది, లోపల నిప్పు మాత్రం పిల్లిలా ముడుచుకుని పడుకునేది.

తరవాత తిండి సంగతి చూసింది. వరదలో దోనె తియ్యడం కుదరదు. మరి చేప ఎట్టా? గుడిసె నేల నడిమధ్య కోసి కన్నం పెట్టింది. దానికి మూత అల్లింది. మూత తీసి గాలం వదిలితే చాలు, గుడిసె నీడన చేరిన చేపలు వచ్చి పట్టుకునేవి.

పక్క గుడిసె సోమాలమ్మ చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఓసి పిచ్చిదానా! ఇల్లు కట్టుకుని దానికి చిల్లు పెట్టుకున్నదాన్ని నిన్నే చూశా."

"వదినా, మీ ఇంటికి కన్నమెయ్యడానికి దొంగలొస్తారు. మా ఇంటికి చేపలొస్తాయి. కూచో, పులుసు తిందువుగాని."

సోమాలమ్మ రెండు సార్లు వడ్డించుకుని తింది. ఆమెకీ మొగుడు లేడు. ఆమె నీళ్ళు కూడా వచ్చే వరదతో పోయేవే.

ఇక మిగిలింది వరద. దానికేం చెయ్యాలో ముత్తేలుకి తోచలేదు. గుంజలు పెంచుదామంటే అంత పొడుగు కర్రలు లేవు. ఒకరోజు వల విసిరి, కూచుని దిగులుగా చూస్తోంది. వల మునిగింది. వల అంచుకి కట్టిన జీలుగ బెండ్లు మాత్రం మునగలేదు. అల ఎక్కితే ఎక్కాయి. అల దిగితే దిగాయి.

ముత్తేలు లేచి నిలబడింది.

ఎండాకాలమంతా ఒడ్డు బురదలో ఆ బెండ్లిచ్చే జీలుగ మొక్కలు కోసింది. ఎండబెట్టింది. మోపులు కట్టింది. ఆడవాళ్ళు నవ్వారు, మగవాళ్ళు నవ్వారు, భద్రయ్య అల్లుడైతే దోనెలో నిలబడి మరీ నవ్వాడు. "అక్కా! వంటచెరుక్కి కూడా పనికిరాని పుల్లలవి. నీళ్ళు ఎక్కితే ఏం చేస్తావు?"

"ఎక్కనీ. నేను దిగను."

ఆ మోపులన్నీ గుడిసె నేల కింద ఇరికించి కట్టింది. గుడిసెని గుంజల మీంచి విప్పి, వాటి మధ్యనే నీళ్ళ మీదికి దించింది. ఒక్కో మూల ఒక్కో తాడు ఉంగరంలా చేసి గుంజకి తొడిగింది, గాజు చేతి మీద జరిగినట్టు పైకీ కిందికీ జరిగేలాగ.

వాన మొదలైంది. అందరూ ఒడ్డెక్కారు. ముత్తేలు ఎక్కలేదు. నీళ్ళు జానెడు ఎక్కితే గుడిసె జానెడు ఎక్కింది. నీళ్ళు నిలువెత్తు ఎక్కితే గుడిసె నిలువెత్తు ఎక్కింది. ఒడ్డున జనమంతా తడుస్తూ నిలబడి చూశారు. అన్ని పొయ్యిలూ ఆరిన ఆ కొలను మీద ఒక్క పొగ, సన్నగా, తిన్నగా లేస్తోంది.

భద్రయ్యకి ఒళ్ళు మండింది. వానలోనే అల్లుణ్ణి తీసుకుని దోనె మీద వెళ్ళాడు.

"దిగవే!"

"దిగను."

"కులపెద్దని చెప్తున్నా, దిగు!"

"దిగను."

"చస్తావే, దిగు!"

"నీళ్ళకి లేని తొందర నీకెందుకు పెదమావా? ఎక్కనీ. నేను దిగను."

భద్రయ్య కత్తి తీశాడు. ఒక తాడు కోశాడు. రెండో తాడు కోశాడు. మూడోది, నాలుగోది కూడా కోశాడు. "గుంజలు లేని గుడిసెకి చోటెక్కడిదే? ఫో!"

గుడిసె కదిలింది. ఒడ్డున సోమాలమ్మ గుండెలు బాదుకుంది. ముత్తేలు గుమ్మంలో నిలబడి, దూరమవుతున్న గురువులు గుంజల్ని చూసింది. పాట వినపడడం లేదు. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే లోపలికెళ్ళి పొయ్యిలో పిడక పెట్టింది.

గాలి పడమటికి వీస్తే గుడిసె పడమటికి పోయింది. గాలి తిరిగితే అదీ తిరిగింది. రెల్లు దుబ్బుల పక్కగా, కొంగల దిబ్బ పక్కగా, లోతు నీళ్ళ మీదుగా కొలనంతా చుట్టింది. చేప కన్నంలోంచి వచ్చేది, గాలి గోడ దగ్గరే ఆగిపోయేది, జీలుగ మునిగేది కాదు. ఒడ్డున పిల్లలు పరిగెత్తేవాళ్ళు. "అదుగో పొగ! ఇప్పుడక్కడ!"

వరద తీసింది. గుడిసె ఆగింది. ఎక్కడనుకున్నారు? భద్రయ్య సొంత నీళ్ళ నడుమ.

జనమంతా దోనెల మీద చుట్టూ చేరారు. ముత్తేలు బయటికొచ్చింది. బక్కచిక్కింది, మొహమంతా మసి. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి.

"పెదమావా, కట్టుబాటేంటో నీ నోటితో చెప్పు."

భద్రయ్య దోనె వెనక్కి తిప్పబోయాడు. జనం ఊరుకోలేదు. "చెప్పు, చెప్పు!" అన్నారు.

"ఎవరి పొయ్యి పొగ ఎక్కడ లేస్తే..." అని గొణిగాడు.

"నా పొయ్యి ఆరలేదు. మరి నా పొగ ఎక్కడెక్కడ లేచింది?"

"రెల్లు దగ్గర!" అన్నారు కొందరు. "కొంగల దిబ్బ దగ్గర!" అన్నారు ఇంకొందరు. "కొలనంతా!" అని అరిచింది సోమాలమ్మ.

భద్రయ్య అల్లుడు తల గోక్కున్నాడు. "మావా, ఆ తాళ్ళు కొయ్యకపోతే ఆ నాలుగు గుంజల నీళ్ళతోనే సరిపోయేదిగా."

దోనెలు ఊగేంతగా నవ్వారు జనం. ముత్తేలు మాత్రం నవ్వలేదు.

"గురువులు గుంజల దగ్గర నీళ్ళు నాకు చాలు. మిగతాది పంచుతాను. ముందు మగతోడు లేని ఆడోళ్ళు రండి. నచ్చనోళ్ళు వచ్చే వరదలో పొయ్యి ఆరకుండా ఉండి రండి, అప్పుడు మాట్లాడదాం."

మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సోమాలమ్మ అందరికంటే ముందు దోనె తోసింది.

ముత్తేలు ముసలిదయ్యేదాకా ఆ గుడిసెలోనే బతికింది, అక్కడే పోయింది. అప్పటికి కొలను మీద గుడిసెలన్నీ జీలుగ మీదే తేలుతున్నాయి.

ఇప్పటికీ ఆ కొలను వాళ్ళు వరద తీయగానే ఒక పని చేస్తారు. జీలుగ పుల్లలతో చిన్న తెప్ప కట్టి, దాని మీద మట్టి పరిచి, నిప్పూ సాంబ్రాణీ వేసి నీళ్ళలో వదులుతారు. దాన్ని ఎవరూ ముట్టుకోరు, తోయరు. అది ఆగిన చోట ఆ ఏడు మొదటి వల మగతోడు లేని ఆడమనిషి వెయ్యాలి. ఆమె వేసేదాకా కొలను మొత్తంలో ఇంకో వల పడదు. కులపెద్ద అయినా సరే, వల భుజాన వేసుకుని దోనెలో కూచుని చూడాల్సిందే. ఆమె నింపాదిగా వస్తుంది. జడ ముడి వేసుకుంటుంది, వల దులుపుకుంటుంది, చుట్టూ ఉన్న దోనెలన్నింటినీ ఒకసారి కలియజూస్తుంది. ఎంతసేపు చూసినా, తొందరపడమనే హక్కు అక్కడ ఎవరికీ లేదు.