కూతగాడు లెక్కపెట్టిన గొంతులు

గుట్ట కింద రేగుపొదల్లో కౌజు పిట్టలు గుంపులు గుంపులుగా ఉండేవి. ఆ పొదల అంచున వేటగాడు ఓబులేసు గుడిసె. గుడిసె చూరుకు ఒక పంజరం వేలాడేది. దానికి ఎప్పుడూ గోనెపట్టా చుట్టే ఉండేది. లోపల ఓబులేసు పిల్లప్పటి నుంచి పెంచిన మగ కౌజు. పేరు కూతగాడు.

రోజూ తెల్లవారగానే ఓబులేసు పంజరాన్ని పొదల మధ్య పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్ని, బండ చాటున కూర్చునేవాడు. కూతగాడు కూసేవాడు. తమ చోట కొత్త గొంతు వినపడితే జవాబిచ్చి, వెళ్లి చూసి రావడం కౌజుల ఆనవాయితీ. అలా వచ్చేవి, ఉచ్చుల్లో పడేవి. గోనెపట్టా లోపలున్న కూతగాడికి రెక్కల చప్పుడు తప్ప ఏమీ తెలిసేది కాదు.

ఆ చీకట్లో ఏమీ తోచక వాడు లెక్కలు నేర్చుకున్నాడు. పంజరానికి ఇరవై ఎనిమిది పుల్లలు. పూటకు నూట పది జొన్నగింజలు. అలా లెక్కపెడుతూ పెడుతూ ఒకరోజు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఇంతకీ నేనెందుకు పుట్టాను? దానికి ఏ లెక్కా కుదరలేదు. దిగులుతో మూడు రోజులు నోరు విప్పలేదు.

ఆ దిగులుకు ముందుగా కడుపు మాడింది నక్కకు. గుడిసె వెనక గుంతలో ఓబులేసు పారేసే తలలూ పేగులే దాని తిండి. మూడో రోజు మధ్యాహ్నం, ఓబులేసు కునుకు తీస్తుండగా, అది చూరు కిందికి వచ్చింది.

"ఏం అల్లుడూ, గొంతుకేమన్నా జబ్బా?"

"గొంతు బాగానే ఉంది మామా. తింటున్నాను, కూస్తున్నాను, మళ్లీ తింటున్నాను. ఎందుకీ బతుకు?"

"ఓరి పిచ్చోడా! నీ కూత కోసం ఎంతమంది పరిగెత్తుకొస్తున్నారో తెలుసా?"

"రెక్కలు కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది."

"సంతోషం పట్టలేక గంతులేస్తారు మరి!"

"ఆ తర్వాత ఏ అలికిడీ ఉండదు."

"మనసు కుదుటపడ్డవాడు అరుస్తాడా? నీ దగ్గరికి వచ్చినవాడికి ఇక తిండి వెతుక్కునే బాధ లేదు, గద్ద భయం లేదు. నా కళ్లతో చూశాను. ఒట్టు."

"అయితే నేను పుట్టింది అందుకేనంటావా?"

"మరింకెందుకు? నాకే నీ గొంతుంటే ఈపాటికి పల్లకీలో తిరిగేవాణ్ణి."

మర్నాడు కూతగాడు గుట్ట మారుమోగేలా కూశాడు. అంతకుముందు, రోజుకు నాలుగు పిట్టలు పడితే గొప్ప. ఆ రోజు పదమూడు. మరుసటి రోజు పదిహేను. ఓబులేసు జొన్నలతో పాటు చెదలు కూడా తెచ్చి పెట్టాడు. నక్క డొక్కలు నిండాయి.

కూతగాడికి ఇప్పుడు కొత్త లెక్క దొరికింది. తను కూయగానే పొదల్లోంచి జవాబిచ్చే గొంతులు. మొదటి రోజు డెబ్బై మూడు. రెండో రోజు అరవై. మూడో రోజు నలభై అయిదు. వారం తిరిగేసరికి తొమ్మిది.

"మామా, ఒక సంగతి అర్థం కావడం లేదు. ఇవాళ ఎన్ని జతల రెక్కలు కొట్టుకుంటే, రేపు సరిగ్గా అన్ని గొంతులు తగ్గుతున్నాయి."

"కుదుటపడ్డవాళ్లు మాట్లాడరని చెప్పానుగా."

"ఒక్కడైనా? ఇంకోసారి నన్ను పలకరిద్దామని ఒక్కడికైనా అనిపించదా?"

"నీకెందుకురా ఆ కూడికలు? కూయడం నీ పని, కూయి!"

"కూడికలు కాదు మామా. అన్నీ తీసివేతలే."

నక్క విసుగ్గా తల విదిలించింది. దాని మీసానికి అంటుకున్న చిన్న ఈక గాలికి లేచి, గోనెపట్టా చిరుగులోంచి లోపలికి వచ్చి పడింది. చిరుగులోంచి వచ్చే కాస్త వెలుతురులో కూతగాడు దాన్ని తన రెక్క పక్కన పెట్టి చూసుకున్నాడు. అవే గోధుమరంగు చారలు.

తెల్లవారి ఓబులేసు మళ్లీ పంజరాన్ని పొదల మధ్య పెట్టాడు. కూతగాడు నోరు మెదపలేదు. అయినా పొదల్లోంచి ఒక్క గొంతు వినిపించింది. ఆడ గొంతు.

"రోజూ పిలిచే అన్నవు నువ్వేనా? నా పిల్లలు పదకొండు మందీ నీ దగ్గరికే వచ్చారు. బాగున్నారా అన్నా?"

కూతగాడు గోనెపట్టా చిరుగు దగ్గరికి జరిగాడు. "లేరమ్మా. ఎవరూ లేరు. ఇక్కడ ఉచ్చులున్నాయి. ఇటు రాకు. పారిపో."

ఆమె పొద అంచు దాకా వచ్చి ఆగింది.

"ఎక్కడికి పోను? ఎవరి కోసం బతకను?"

"నాకు తెలియదమ్మా. తెలిస్తే నేనిలా ఉండేవాణ్ణి కాదు. పారిపో!"

రెక్కల చప్పుడు వినిపించింది. దూరమైంది. కూతగాడు తన బతుకులో మొదటిసారి ఒకరిని పంపించివేశాడు.

ఓబులేసు వచ్చి చూశాడు. ఖాళీ ఉచ్చులు. పంజరం మీది గోనెపట్టా లాగేశాడు. ఆ మధ్యాహ్నం గుడిసెలోంచి మసాలా వాసన వచ్చింది. వెనక గుంతలో నక్కకు ఒక తల, పిడికెడు పేగులు దొరికాయి. వాటిని తిని, రేపటి కోసం మూతి నాక్కుంటూ కూర్చుంది.

మర్నాడు గుంత ఖాళీ. ఆ మర్నాడూ ఖాళీ. పదమూడు, పదిహేను అని లొట్టలేసిన నక్క, పొదల్లో ఇంకా ఎన్ని మిగిలాయో ఒక్కనాడూ చూసుకోలేదు. అయిదో రోజు, లేని ఓపిక తెచ్చుకుని, కుక్కలున్న ఊరివైపే కాళ్లీడ్చుకుంటూ బయల్దేరింది.

నువ్వెందుకు పుట్టావో చెప్పడానికి ఎవడైనా వస్తే, ముందు వాడి పొట్ట దేనితో నిండుతోందో చూడు.