పక్క స్లైడు

మంగతాయారు గారికి ఒక అలవాటు ఉండేది. శ్రీకాకుళం వైపు ఒక దంతవైద్య కళాశాలలో నోటి కణాల పరీక్ష నేర్పే ఆచార్యురాలు ఆవిడ. ఎవరి నోట్లో గీరిన కణాలకు రంగు వెయ్యబోయినా, ముందు చెక్కపుల్లతో తన బుగ్గ లోపల కూడా గీరుకునేవారు. దాన్ని ఇంకో స్లైడు మీద పూసి, రెండింటినీ కలిపే రంగుల్లో ముంచేవారు.

కొత్త శిష్యుడు తవిటినాయుడికి ఇది వట్టి చాదస్తంగా తోచింది. చురుకైనవాడే గాని, తొందర మనిషి. ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"రోగం వాళ్లది కదమ్మా, మధ్యలో మన బుగ్గెందుకు?"

ఆవిడ నవ్వి ఊరుకున్నారు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాడు మనవాడు.

మర్నాడే అప్పలనర్సమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ వచ్చింది. ఆ తీరంలో ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటుంది కదా, చుట్ట వెలిగించి నిప్పు కొసే నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఆమె అంగిట్లో తెల్లటి మచ్చ, దాని మధ్య ఎర్రటి చార ఉన్నాయి.

"కేన్సరేటి బాబూ? తల్లి నేని మనవరాలుంది, దానికి నాను తప్ప ఎవులూ నేరు," అంది భయం దాచుకోకుండా.

నాయుడు మచ్చ మీద గీరి రెండు స్లైడ్లు తీశాడు, ఆరిపోకుండా స్పిరిట్‌లో వేశాడు, ఒకదానికి రంగులు వేశాడు. తన బుగ్గ ఊసే ఎత్తలేదు. మైక్రోస్కోపులో కణాలు నారింజ, గులాబీ రంగుల్లో ముచ్చటగా కనిపించాయి. రోగం ఉంటే కణం నడుమ కేంద్రకం ఉబ్బి, ముదురు నీలంగా కనబడాలి. అలాంటిదేమీ లేదు.

"ఏమీ లేదమ్మా, వెళ్లిరా," అన్నాడు.

"నూరేళ్లు సల్లగుండు బాబూ!" అని ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. నాయుడు తలాడించి ఆ దణ్ణం అందుకున్నాడు, రోజూ వచ్చేదే అన్నట్టు.

ఆమె అటు వెళ్లగానే మంగతాయారు గారు వచ్చి స్లైడు చూశారు. చూసి, చెక్కపుల్ల అతని చేతికిచ్చారు.

"ఆవిడ నోట్లో ఏమీ లేదన్నావు. ఇప్పుడు నీ నోట్లో ఏముందో చూడు నాయుడూ. అవే రంగులు వెయ్యి."

వేశాడు. చూశాడు. రోగమున్నా లేకపోయినా ప్రతి కణంలో నీలంగా కనబడి తీరాల్సిన కేంద్రకం, అతని కణాల్లోనూ లేదు! పొగమంచులో నీడలా ఏదో ఉందంటే ఉంది. నీలం రంగు పాతబడి సత్తువ పోయిందని అప్పుడు తెలిసింది. మరి నర్సమ్మో?

పడుతూ లేస్తూ గేటు దాకా పరిగెత్తాడు. అదృష్టం బాగుండి బస్సు రాలేదు. ఆమె నిశ్చింతగా కూర్చుని చుట్ట వెలిగించి, నిప్పు కొస నోటివైపు తిప్పుకుంటోంది. అతను చటుక్కున లాగేసుకున్నాడు.

"ఏటి బాబూ, ఇప్పుడే కదా ఏటీ నేదన్నావు?"

"తప్పు చెప్పానమ్మా. నేను వేసిన రంగు బాగోలేదు."

"నీ రంగుకేటయింది బాబూ, బంగారంలాగున్నావు!" అని నవ్వింది గాని, మొహం పాలిపోయింది. లేచి అతని వెనకాలే వచ్చింది.

కొత్త రంగు కలిపి, రెండో స్లైడుతో పాటు తన బుగ్గ స్లైడునూ ముంచాడు. ఈసారి అతని కేంద్రకాలు చిన్నగా, స్పష్టంగా తేలాయి. ఆమెవి నేరేడుపళ్లలా ఉబ్బి, నల్లబడి కనిపించాయి. మచ్చలోంచి ముక్క తీసి పరీక్ష చేయిస్తే కేన్సరనే తేలింది. పుణ్యం కొద్దీ ముదరకముందే దొరికింది. ఆ మేరకు కోసి తీసేశారు, ఆమె తేరుకుంది.

కొన్నాళ్లకు మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చింది. "ఈ బాబే తల్లీ, నా పేనం నిలబెట్టినోడు," అని పిల్లకు చూపించి, అతని కాళ్లకు వంగబోయింది. నాయుడు గబుక్కున ఆమె భుజాలు పట్టుకుని తనే వంగి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టాడు. కళ్లనీళ్లు ఆగలేదు.

వాళ్లు వెళ్లాక గురువుగారి దగ్గరకొచ్చి అన్నాడు, "పంపించేసినవాణ్ణి కూడా నేనేనమ్మా. ఆవిడ దణ్ణం మొయ్యలేకపోతున్నాను."

మంగతాయారు గారు అతని వైపు ఆప్యాయంగా చూశారు.

"బరువుగా ఉందా? అయితే ఆవిడ దణ్ణం ఈసారి నీకు సరిగ్గానే అందింది."